మంత్రజలం కెటిల్ ఎవరికి

ఒసాకా నగరం, తైషో వార్డు, రేవు కాలువ ఒడ్డున ఉన్న పాత కంపెనీ క్వార్టర్సులో రెండో అంతస్తున నివాసం ఉంటున్న, కీర్తిశేషులు కుసునోకి సెయ్‌జిరో కుమారుడు కుసునోకి యసుహారు అనే నేను, వయస్సు ఎనభై మూడు సంవత్సరాలు, మినాతోయా ఇనప తాళ్ళ కర్మాగారంలో తీగలు సాగదీసే విభాగం నుంచి రిటైరైన కార్మికుణ్ణి, అదే కర్మాగారపు రగ్బీ జట్టుకి మూడేళ్ళు ఆటగాణ్ణి, నలభై ఒక్క ఏళ్ళు సహాయకుణ్ణి, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో నేను రాసుకుంటున్న మరణశాసనం ఇది. ఇంతకుముందు రాసినవేవైనా దొరికితే అవి చెల్లవు. ఒకటి రాశాను గానీ దాన్ని చింపేశాను.

పూర్తి తెలివితో అన్న మాట ఊరికే ఆనవాయితీకి రాయలేదు. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. అది చాలకపోతే నేనే చెబుతాను. ఇది ఒసాకా. ఇవాళ గురువారం. బయట ఎండ కాస్తోంది, వాన సూచన లేదు. ఎక్కడున్నాం, ఏ రోజు, బయట ఎలా ఉంది: ఒక మనిషి తెలివిలో ఉన్నాడో లేదో తేల్చుకోవడానికి ఈ మూడూ చాలు. ఒకప్పుడు ఒక మనిషిని ఇలాంటి ప్రశ్నే అడిగి, జవాబు విని కూడా విననట్టు ఉండిపోయాను. ఈ కాగితం పొడుగంతా దాని గురించే. ఉన్న ఆస్తి రాయడానికైతే అర పేజీ ఎక్కువ.

కాలేయం చెడిపోయింది. ఏప్రిల్ చూడనని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. అంత నెమ్మది అక్కర్లేదు, నాకు బతకాలన్న తొందరేమీ లేదు, బాగా అలసిపోయాను. చేత్తో రాసి, తేదీ వేసి, ముద్ర గుద్దితే చట్టానికి చాలునట, సాక్షులు అక్కర్లేదట. కానీ మా ఆటలో రిఫరీ చూడనిది జరగనట్టే లెక్క. దాని వల్ల ఎంత అనర్థం జరిగిందో నాకు తెలుసు కాబట్టి ఇద్దర్ని కూర్చోబెట్టి రాస్తున్నాను. కొట్టివేత ఉన్న ప్రతిచోటా మళ్ళీ ముద్ర వేయాలని కూడా చెప్పారు. అంత ఓపిక లేదు. అందుకని ఏదీ కొట్టివేయను. తప్పు మాట పడితే పడనిస్తాను.

ఒకటి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా ఏకైక కుమార్తె కినుకోది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, జనం నొప్పితో అరిచినా చెయ్యి వణకదు. నా అక్షరాలు చదవగలిగింది కూడా ఆమె ఒక్కతే.

రెండు. ఈ గదిలోని సామాను, పోస్టాఫీసు పుస్తకం, నా భార్య కీర్తిశేషురాలు తొమొయె కుట్టు మిషను, సర్వహక్కులతో కినుకోకి చెందాలి. మిషను సంగతి ఒక్క మాట, కినుకో. మీ అమ్మ దాని మీద ఇరవై ఆరేళ్ళు జట్టు జెర్సీలు కుట్టింది. చిరిగిన మెడలు, ఊడిన చేతులు, ప్రతి సోమవారం ఒక గంపెడు. నా చొక్కాకి గుండీ ఊడితే మాత్రం నన్నే కుట్టుకోమనేది. నీ గౌన్లు కుట్టడానికి ఆమెకి ఆదివారం ఒక్కటే మిగిలేది, ఆ ఆదివారం నేను నిన్ను ఆడించడానికి ఇంట్లో ఉండేవాణ్ణి కాదు. నీ పెళ్ళి విందులో అన్నం కూర వడ్డించకముందే లేచి మ్యాచ్‌కి వెళ్ళిపోయాను. ఏడో తరగతిలో నువ్వన్న మాట ఇంకా చెవిలో ఉంది: "నాన్నా, నేను రగ్బీ బంతినై పుట్టి ఉంటే రోజూ దగ్గర కూర్చుని తుడిచేవాడివి." అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. నన్ను క్షమించమని అడగను, మిషను మాత్రం అమ్మేయకు.

మూడు. పాత తోలు బంతి. దీన్ని నాతో పాటు శవపేటికలో పెట్టాలని ఆశపడ్డాను. తోలు కాల్చనివ్వరట. సరే, దాని కుట్టు తాడు ఒక్కటి ఊడదీసి నా చేతికి చుట్టండి.

ఈ జట్టు 1953లో పుట్టింది. యూనివర్సిటీలో ఆడొచ్చిన ఫోర్‌మన్ ఒకాయన కర్మాగారం వెనక బొగ్గు మసి పారబోసే నేల చదును చేయించి గోల్ కర్రలు పాతాడు. నేను పద్దెనిమిదేళ్ళప్పుడు, 1959లో చేరాను. మూడింటికి సైరన్ కూసేది, మూడూ పదికల్లా ఆ మసిలో ఉండేవాళ్ళం. అక్కడ పడితే మోకాళ్ళలోకి నల్ల రేణువులు దిగి అక్కడే ఉండిపోయేవి. నా ఎడమ మోకాల్లో ఇప్పటికీ ఉన్నాయి. తీగల గ్రీజు చేతులకి అంటుకుని బంతి జారేది. కొత్తగా చేరినవాళ్ళ పని సాయంత్రం వరసగా కూర్చుని ఉమ్మితో ఆ తోలును నున్నగా రుద్దడం. నోరు ఎండిపోతే ఉప్పులో ఊరేసిన పుల్లటి ఉమె పండు తలుచుకోమనేవారు పెద్దవాళ్ళు. తలుచుకుంటే నిజంగానే నోరూరేది. ఇప్పటి ఆటగాళ్ళకి చెబితే ముక్కు మూసుకుంటారు. మూసుకోనీ. ఆ బంతితోనే పద్నాలుగేళ్ళలో కర్మాగారాల లీగు అడుగు నుంచి జాతీయ పోటీల దాకా వచ్చాం.

నేను మూడేళ్ళే ఆడాను. ఎనిమిదేసి మంది ఎదురుబొదురుగా తలలు దూర్చి తోసుకునే స్క్రమ్‌లో మధ్యవాణ్ణి. భుజం ఎముక రెండుసార్లు విరిగాక నాకు మందుల సంచి, కెటిల్ ఇచ్చి గీత బయట నిలబెట్టారు. నలభై ఒక్క ఏళ్ళు అక్కడే నిలబడ్డాను.

నాలుగు. ట్రంకుపెట్టెలో ఉన్న రెండో నంబరు ఉన్ని జెర్సీ, 1961 నాటిది, ఇప్పటి జట్టు ఆటగాడు తెవితాకి చెందాలి. అతనికి పట్టదు, చెయ్యి కూడా దూరదు. అయినా అతనికే.

తెవితా టోంగా దీవుల నుంచి వచ్చినవాడు. నాకేమీ కాడు. వీధి చివర స్నానశాలలో పరిచయం. అతను తొట్టెలో దిగితే సగం నీళ్ళు బయటికి వచ్చేవి, ముసలాళ్ళం తిట్టుకుంటూ పక్కకి జరిగేవాళ్ళం. నాకు కాళ్ళు వాచినప్పటి నుంచి బియ్యం బస్తా, గ్యాసు బండ మెట్లు ఎక్కించేది అతనే. వద్దంటే నవ్వుతాడు. భాష సరిగ్గా రాదు కాబట్టి నా సణుగుడు అతనికి తగలదు, అది అతని అదృష్టం.

జట్టు ఇప్పుడు మనం ఎరిగిన జట్టు కాదు. 2003లో కొత్త లీగు వచ్చింది, విదేశాల నుంచి శిక్షకులు, డాక్టర్లు వచ్చారు, నన్ను పూలగుత్తి చేతికిచ్చి పంపించారు. తర్వాత తాళ్ళకి గిరాకీ తగ్గింది. కర్మాగారం మూతపడింది. మసి నేల మీద అపార్టుమెంట్లు లేచాయి. మూడేళ్ళ క్రితం జట్టును వేరేవాళ్ళు కొని ఊరి పేరు తగిలించారు. ఒసాకా ఐరన్ హెరాన్స్. ఇనప కొంగలట. కొంగ ఇనపదైతే ఎగురుతుందా అని స్నానశాలలో అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు ఆడేవాళ్ళకి ఆటే ఉద్యోగం, మూడింటి సైరన్ లేదు. మంచిదే. దానిమీద నాకు ఫిర్యాదు లేదు.

తెవితాకి జెర్సీ ఎందుకంటే, పోయిన సీజన్‌లో తలకి తల తగిలి అతను పడ్డాడు. లేచాడు. ఎవరూ పిలవకముందే తనంతట తానే చెయ్యెత్తి బయటికి నడిచాడు. ఆ మ్యాచ్ ఓడిపోయాం. గ్యాలరీలో కొందరు వెక్కిరించారు. నేను లేచి నిలబడి ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. నా పక్క సీటాయన నాకు మతి పోయిందనుకున్నాడు.

ఐదు. గోడ మీది ఫోటో. దీన్ని ఎవరికీ ఇవ్వడం లేదు. తీసి చింపేయాలి. ఎందుకో రాస్తాను. ఈ అంశం రాయడానికి ఐదు వారాలుగా కూర్చుంటున్నాను.

మా రోజుల్లో దేశంలో ప్రతి జట్టుకీ ఒక అల్యూమినియం కెటిల్ ఉండేది. ఎవడైనా దెబ్బ తిని పడితే నాలాంటివాడు కెటిల్ పట్టుకుని పరుగెత్తి నెత్తిన నీళ్ళు కుమ్మరించేవాడు. పడినవాడు తల విదిలించి లేచేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ నీళ్ళని అందరూ మంత్రజలం అనేవారు, పత్రికల్లో కూడా అలాగే రాసేవారు. నేను పట్టింది కార్పొరేషన్ కుళాయి దగ్గర. ఆ చప్పట్లలో నా వంతు కూడా ఉందనుకునేవాణ్ణి. ఆటలో పనికిరాకుండా పోయినవాడికి అది చిన్న సంగతి కాదు.

1984 జనవరి, హనజోనో మైదానం, కంపెనీ జట్ల జాతీయ ఫైనల్. ఎదురుగా టోక్యో జట్టు. వాళ్ళకి పన్నెండు పాయింట్లు, మాకు తొమ్మిది. పన్నెండు నిమిషాల ఆట మిగిలి ఉంది. గాయపడినవాళ్ళ బదులు ఇద్దర్ని దింపుకోవచ్చు, ఆ ఇద్దర్నీ మొదటి సగంలోనే దింపేశాం. ఇంకొకడు బయటికి వస్తే వాళ్ళు పదిహేను, మేం పద్నాలుగు మందిమే.

ఏడో నంబరు తెరాజిమా కెన్‌గో. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. కర్మాగారంలో తాళ్ళు చుట్టిన పెద్ద డ్రమ్ముల యార్డులో పని. వాన వచ్చేలా ఉంటే డ్రమ్ముల్ని షెడ్డులోకి దొర్లించాలి, తడిస్తే తుప్పు పడుతుంది. అందుకని వాడికి ఎప్పుడూ ఆకాశం వైపు చూసే అలవాటు. నన్ను సొంత అన్నలా చూసేవాడు. వాడి పెళ్ళిలో పెద్దరికం వహించింది నేనూ తొమొయె.

వాళ్ళ జట్టులో నూటపది కిలోల మనిషి బంతితో దూసుకొస్తుంటే తెరాజిమా అడ్డంపడ్డాడు. మోకాలు కణతకి తగిలింది. ఆ చప్పుడు గీత బయట ఉన్న నాకు వినబడింది. నేను వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. సగం కెటిల్ పోశాను. లేచి కూర్చున్నాడు. జనం చప్పట్లు. మనం ఎక్కడున్నామని అడిగాను. వాడు ఆకాశం వైపు చూసి, నెమ్మదిగా, మామూలుగా అన్నాడు: "అన్నా, డ్రమ్ములు లోపలికి దొర్లించావా? వాన పడేట్టుంది."

ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు.

అప్పటికి మా కెప్టెన్ నిషివాకి కూడా పక్కకి వచ్చాడు, ఆ మాట విన్నాడు. "నిలబెట్టన్నా. నిలబడితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. రిఫరీ వచ్చి ఏమైందని అడిగాడు. పిక్క పట్టేసింది సార్, అంతే, ఆడతాడు అన్నాను. తెరాజిమా లేచి నిలబడ్డాడు. మా గోల్ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎటు ఆడాలో కూడా వాడికి తెలియదు. వాడి రెండు భుజాలూ పట్టుకుని ఎదుటివాళ్ళ గోల్ వైపు తిప్పింది నేను. ఈ చేతులతోనే.

ఎనిమిది నిమిషాల తర్వాత బంతి గాలిలో వంకర తిరిగి వాడి చేతుల్లో పడింది. తిప్పిన వైపుకే పరుగెత్తాడు. మూలన గీత దాటి బంతి నేలకి ఆనించాడు. ట్రై, నాలుగు పాయింట్లు. పదమూడు, పన్నెండు. గెలిచాం. తడి జుట్టుతో, చంకలో బంతితో వాడు, వెనక కెటిల్ పట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ నేను. అదే ఆ ఫోటో. కర్మాగారం గేటు మీద పెట్టారు, క్యాలెండర్ల మీద వేశారు. మా జట్టు చరిత్ర అంటే ఊళ్ళో ఎవరికైనా అదొక్కటే గుర్తు. ఆ మ్యాచ్ తెరాజిమాకి మాత్రం ఏనాడూ గుర్తులేదు. టీవీలో వేస్తే వేరే ఎవరినో చూస్తున్నట్టు చూసేవాడు, ఆఖరికి చప్పట్లు కూడా కొట్టేవాడు. మేమంతా అది వాడి వినయం అని చెప్పుకున్నాం.

ఆరో రోజు యార్డుకి వచ్చాడు. ఇంకో నాలుగు సీజన్లు ఆడాడు. పడినప్పుడల్లా నేను నీళ్ళు పోశాను, లేచినప్పుడల్లా పంపించాను.

ఆరు. 1962 నుంచి 2003 దాకా నేను రాసిన గాయాల పుస్తకాలు, జట్టు చేతులు మారినప్పుడు ఆఫీసువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నవి, మొత్తం పదిహేడు, తెరాజిమా భార్య ఫుమియెకి చెందాలి. అందులో తొమ్మిదో పుస్తకం, 1984 జనవరి పేజీ చూడండి. "తెరాజిమా, కుడి పిక్క పట్టింది, నీళ్ళు" అని ఉంటుంది. అది అబద్ధం. దాని కింద ఇవాళ్టి తేదీతో నిజం రాసి ముద్ర వేశాను: తలకి దెబ్బ, తెలివి తప్పింది, ఎక్కడున్నాడో తెలియదు, ఆడించాం.

తెరాజిమా నలభై దాటాక మనిషి మారాడు. ముందు తలనొప్పులు. తర్వాత కోపం. పళ్ళెం విసిరేవాడు, ఎందుకు విసిరాడో మర్నాటికి తెలిసేది కాదు. కర్మాగారం నుంచి ఇల్లు ఏడు నిమిషాలు, ఆ ఏడు నిమిషాల దారి తప్పేవాడు. కొడుకు రేయిచి తండ్రి దుర్మార్గుడని నమ్మి ఇరవయ్యో ఏట ఇల్లు వదిలి క్యూషూ వెళ్ళిపోయాడు, తిరిగి ముఖం చూపించలేదు. ఫుమియె తప్పంతా తనదే అనుకుంది. తాను సణుగుతుంది కాబట్టే ఆయన అలా అయ్యాడని తొమొయె దగ్గర ఏడ్చేది. పక్క గదిలో ఉండి నేను వినేవాణ్ణి.

2010లో ఒక డాక్టరు ఆమెతో, తలకి గట్టి దెబ్బలు ఎప్పుడైనా తగిలాయా, తగిలాక కూడా ఆడాడా అని అడిగాడట. జట్టు ఆఫీసుకి వెళ్ళింది. వాళ్ళు పుస్తకం తీసి చూపించారు. పిక్క. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఇదే గదిలో, టీ ముట్టుకోకుండా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అడిగింది: "అన్నయ్యగారూ, ఆ రోజు ఆయన తెలివిలోనే లేచారా? దగ్గరున్నది మీరు. మీరేం చెబితే అదే నమ్ముతాను."

తెలివిలోనే లేచాడమ్మా అన్నాను. ఆమె వంగి దండం పెట్టి, చల్లారిపోయిన టీ తాగి వెళ్ళింది.

ఎందుకు అలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. జట్టు పరువు అనుకున్నాను మొదట. కాదు. నలభై ఒక్క ఏళ్ళలో జనం నన్ను గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క నవ్వుతో, ఆ ఒక్క ఫోటోలో. దాన్ని వదులుకోలేకపోయాను. అందుకోసం ఒక ఆడమనిషిని పద్నాలుగేళ్ళు తనను తాను తిట్టుకోనిచ్చాను. ఈ అంశం నకలు ఒకటి రేయిచికి పంపాలి. మీ నాన్న చెడ్డవాడు కాడు బాబూ. మీ నాన్నను పాడుచేసింది మేము.

ఏడు. కెటిల్. రేవు దగ్గర కొత్త స్టేడియంలో ఏప్రిల్‌లో జట్టు చరిత్ర మందిరం తెరుస్తారట. దానికీ పెద్ద నిషివాకియే. డెబ్బై దాటినా కెప్టెన్ గొంతు తగ్గలేదు. ఎండాకాలంలో నా గదికి వచ్చి, మధ్యలో గాజు పెట్టె, అందులో కెటిల్, పైన మంత్రజలం అన్న అక్షరాలు, అన్నీ కాగితం మీద గీసి చూపించాడు. గీత బాగానే గీశాడు. పెట్టడమంటూ జరిగితే జరిగింది జరిగినట్టు రాద్దాం అన్నాను. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు: "ఇప్పుడవన్నీ ఎందుకన్నా? వాడికెలాగూ గుర్తుండదు."

ఆ మాటతో ఈ వీలునామా మొదలైంది.

కెటిల్ ఫుమియెకి చెందాలి, సర్వహక్కులతో. పాతసామాన్లవాడికి వేసినా, కాలువలో పారేసినా ఆమె ఇష్టం. గాజు పెట్టెలో పెట్టడానికి ఆమె ఒప్పుకుంటే మాత్రం కింద ఈ మూడు వాక్యాలే ఉండాలి, ఒక్క అక్షరం మార్చకూడదు. "ఇందులో పోసింది కుళాయి నీళ్ళు. 1984 ఫైనల్లో తెరాజిమా కెన్‌గో తెలివి తప్పిన స్థితిలో ఆడాడు. అది తెలిసి ఆడించినవాడు కుసునోకి యసుహారు." నిషివాకి పేరు నేను వేయలేదు. అది వేసుకోవలసింది వాడే.

ఇంతవరకు రాసి కినుకో చేత చదివించాను. ఆమె చివరిదాకా చదివి కళ్ళజోడు తీసి, "నువ్వు పోయాక ఇది చూసి ఆవిడ ఎవర్ని నిలదీయాలి నాన్నా? నన్నా?" అంది. నిజమే. పోయాక నిజం చెప్పడం కూడా గీత బయట నిలబడటమే. కాబట్టి ఈ అంశం కింద ఇంకో మాట చేరుస్తున్నాను. ఆరు, ఏడు అంశాలు నా తదనంతరం కాదు, ఇవాళే అమలులోకి వస్తాయి. రెండూ చేత్తో ఇంకో కాగితం మీద ఎత్తి రాశాను. కెటిల్, తొమ్మిదో పుస్తకం సంచిలో పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి ఫుమియె చేతికిస్తాను. మిగతా పదహారూ కినుకో రేపు చేరుస్తుంది.

ఎనిమిది. నిషివాకి తోషియాకి, జట్టు మాజీ కెప్టెన్, చరిత్ర మందిరం అధ్యక్షుడు. ఇతనికి నా గురువారాలు ఇస్తున్నాను.

తెరాజిమా నాలుగేళ్ళుగా వృద్ధుల సంరక్షణ గృహంలో ఉన్నాడు. ఇక్కడి నుంచి బస్సులో ఆరు స్టాపులు. ప్రతి గురువారం రెండింటికి వెళ్తాను. నువ్వు ఒక్కసారి కూడా వెళ్ళలేదు నిషివాకీ. చూడలేనని చెప్పావు. నేను మాత్రం చూడగలిగి వెళ్తున్నానా? ఫుమియె నన్ను చూసి లేచి కుర్చీ వేస్తుంది, నేను వచ్చినందుకు ధన్యవాదాలు చెబుతుంది. ఆ ధన్యవాదాలు తీసుకుని కూర్చోవడం ఎంత కష్టమో నీకు చెప్పలేను. ఇవాళ ఆ కాగితం చదివాక ఆమె నన్ను ఇక రావద్దనవచ్చు. అనాలి కూడా. అప్పుడు వచ్చే గురువారం నుంచే, నేను బతికుండగానే, ఈ వాటా నీది. వద్దనడానికి లేదు. నిలబడితే చాలు, మిగతాది చూసుకుంటానని మాటిచ్చింది నువ్వు.

చేయవలసింది ఎక్కువేమీ లేదు. కాల్చిన చిలగడదుంప ఒకటి తీసుకెళ్ళు, తొక్క తీసి, చల్లార్చి ఇవ్వు, వేడిగా ఇస్తే నోరు కాల్చుకుంటాడు. నీ పేరు అడగడు. కాసేపటికి కిటికీ వైపు చూస్తాడు. ఎండ ఉన్నా సరే, "అన్నా, డ్రమ్ములు లోపలికి దొర్లించావా?" అంటాడు. 1984 తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా ఆ మాట వాడి నోట రాలేదు, ఇప్పుడు వారం వారం వస్తుంది. దొర్లించాం తమ్ముడూ, అన్నీ లోపలే ఉన్నాయి అని చెప్పు. గట్టిగా చెప్పు, నీ గొంతు దేనికైనా పనికొస్తుందంటే దానికే. అది వింటే భుజాలు వదులవుతాయి, మళ్ళీ తింటాడు.

ఇంకొకటి. మూడింటికి వసారాలో నడుస్తాడు. సైరన్ వేళ కదా, కాళ్ళకి తెలుసు. వసారా చివర గోడ వస్తే అక్కడ ఆగిపోతాడు, ఎటు తిరగాలో తెలియక. నర్సులు భుజాలు పట్టుకుని గది వైపు తిప్పేస్తారు. నేనూ మొదట్లో అలాగే తిప్పాను, వాడు మాట్లాడకుండా తిరిగాడు. 1984లో తిరిగినట్టే తిరిగాడు. ఆ రోజు నుంచి తిప్పడం మానేశాను. నువ్వు కూడా వాడి మీద చెయ్యి వేయకు. పక్కన నిలబడి, ఎటు వెళ్దాం తమ్ముడూ అని అడుగు. జవాబు రావడానికి ఒక్కోసారి అరగంట పడుతుంది. నిలబడు. వాడు ఎటంటే అటు వెళ్ళండి. నేను ఆ రోజు అడగవలసింది ఆ ఒక్క మాటే.

పై ఎనిమిది అంశాలూ నేను ఒంటి మీద తెలివి ఉండగా రాసి, చదువుకుని, ఒప్పుకుని ముద్ర వేశాను. బస్సుకి వేళయింది.

తేదీ: 2024 నవంబరు 14, గురువారం, పగలు పన్నెండున్నర
స్థలం: తైషో వార్డు, ఒసాకా
వాతావరణం: ఎండ

కుసునోకి యసుహారు (ముద్ర)

సాక్షులు:
1. మత్సుజాకి హిదెమి, క్షౌరశాల యజమాని. అంతా విన్నాను.
2. హమాగుచి మిత్సు, స్నానశాల యజమానురాలు. అంతా విన్నాను. బస్ స్టాపు దాకా సంచి నేను మోస్తానన్నాను, ఆయన ఇవ్వలేదు.